కారు కీచుమంటోందా? ఆ శబ్దం ఎక్కడిదో ఫోన్‌తో పట్టుకోండిలా

ఫోన్ స్పీకర్ గరగరమంటే మనలో ఎవరైనా నేరుగా సర్వీస్ సెంటర్‌కి పరిగెడతారా? ముందు ఇంకో పాట పెడతాం. తర్వాత ఇయర్‌ఫోన్స్‌లో వింటాం. బ్లూటూత్‌కి మార్చి చూస్తాం. రెండు నిమిషాల్లో తేలిపోతుంది, తేడా ఫైల్‌లో ఉందా, స్పీకర్‌లో ఉందా అని. అదే మనుషులం కారు కీచుమంటే మాత్రం షెడ్డుకెళ్లి "అన్నా, ముందు ఏదో సౌండ్ వస్తోంది" అని తాళాలు ఇచ్చేస్తాం. మెకానిక్ ఎక్కి ఓ రౌండ్ వేస్తాడు. అప్పుడు ఆ సౌండ్ రాదు. సాఫ్ట్‌వేర్‌లో పనిచేసేవాళ్లకి ఈ సీన్ కొత్త కాదు. రీప్రొడ్యూస్ కాని బగ్‌ని ఎవరూ ఫిక్స్ చేయలేరు. షెడ్డులో అయితే ఊరికే వదిలేయరు, అంచనా మీద పార్టులు మార్చేస్తారు. బిల్లు మాత్రం మీదే.

ఈ ఆర్టికల్‌లో చెప్పేది ఆ బగ్‌ని రీప్రొడ్యూస్ చేసే పద్ధతి. కావాల్సినవి ఒక ఫోన్, రెండు ఉచిత యాప్‌లు, ఒక నీళ్ల స్ప్రే బాటిల్, పక్క సీట్లో కూర్చోవడానికి ఒక మనిషి. ఆ మనిషి తప్పనిసరి. చేతిలో ఫోన్ పట్టుకుని కారు నడపడం మోటారు వాహనాల చట్టం ప్రకారం నేరం, పైగా మీరు వెతకబోయే శబ్దం బ్రేకుల్లోంచి వస్తూ ఉండొచ్చు కూడా.

ముందు ఆ శబ్దానికి సరైన పేరు పెట్టండి

ఇంగ్లిష్ వీడియోలు చూస్తే అన్నిటికీ స్క్వీక్ అనే మాటే వినిపిస్తుంది. మనకి తెలుగులో ఇంతకన్నా మంచి సెట్ ఉంది, వాడుకుందాం.

'కీచు' అంటే సన్నగా, పళ్లు జివ్వుమనేలా వచ్చేది. బ్రేక్ ప్యాడ్లు, ఇంజిన్ బెల్టు ఇలా అరుస్తాయి. 'కిర్రు' అంటే పాత తలుపు, చెప్పుల జత చేసే చప్పుడు. సస్పెన్షన్ రబ్బరు బుష్‌లు, సీట్లు, డ్యాష్‌బోర్డ్ ప్లాస్టిక్ దాదాపు అన్నీ కిర్రు జాతి. 'గుయ్' అని స్పీడ్‌తో పెరిగే మోత వీల్ బేరింగ్‌దో, టైరుదో అవుతుంది. 'టకటక' వస్తే లింక్ రాడ్, సీవీ జాయింట్, లేదా డిక్కీలో లూజుగా పడేసిన జాకీ. 'గరగర', అంటే ఇనుము ఇనుముని గీరుతున్న చప్పుడు బ్రేక్ నొక్కినప్పుడు వస్తే ఇక ఆర్టికల్ చదవడం ఆపేయండి, కారు కూడా ఆపేయండి. దానికి యాప్ అక్కర్లేదు, టోయింగ్ కావాలి.

మెకానిక్‌తో మాట్లాడేటప్పుడు కూడా "సౌండ్" అనకుండా "కిర్రుమంటోంది", "కీచుమంటోంది" అని చెప్పి చూడండి. సగం అనుమానాలు అక్కడే పోతాయి.

అసలు ఎందుకు అరుస్తుంది?

బ్లాక్‌బోర్డ్ మీద సుద్దముక్క కీచుమనడం గుర్తుందిగా. ఒకదాన్నొకటి ఒత్తుకున్న రెండు వస్తువులు జరగబోయి క్షణం అతుక్కుంటాయి, బలం పెరిగాక జారతాయి, మళ్లీ అతుక్కుంటాయి. దీన్ని స్టిక్-స్లిప్ అంటారు. వయొలిన్ తీగ మీద కమాను చేసే పని కూడా ఇదే, కాకపోతే అక్కడ డబ్బులిచ్చి వింటాం. ఇది సెకనుకి కొన్ని వందల నుంచి కొన్ని వేల సార్లు జరిగితే చెవికి కీచుగానో, కిర్రుగానో వినిపిస్తుంది.

ఇందులో మనకి పనికొచ్చే పాయింట్లు రెండున్నాయి. మొదటిది, స్టిక్-స్లిప్ అనేది వేడి, తేమ, బరువు మీద బాగా ఆధారపడుతుంది. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు కిర్రుమన్న బుష్ ఓ పది కిలోమీటర్లు తిరిగాక నోరు మూసుకోవచ్చు. వాన పడిన రోజు అసలు రాకపోవచ్చు. షెడ్డుకి వెళ్లేసరికి మాయమవడానికి కారణం ఇదే. కాబట్టి శబ్దం ఎప్పుడు వస్తుంది, ఎప్పుడు రాదు అనేది ఒక వారం పాటు నోట్స్ యాప్‌లో రాసుకోండి: టైమ్, ఎండా వానా, ఇంజిన్ చల్లగా ఉందా, కారులో ఎంతమంది ఉన్నారు.

రెండోది చాలామంది పట్టించుకోనిది. ఇలాంటి శబ్దంలో స్వరం, అంటే పిచ్, ఆ పార్టు సొంత కంపనాన్ని బట్టి ఉంటుంది. కారు ఎంత స్పీడ్‌లో వెళ్తోంది అన్నదానికి దానితో పెద్దగా సంబంధం లేదు. బ్రేక్ కీచు 50లో వచ్చినా 15లో వచ్చినా దాదాపు ఒకే స్వరంలో వస్తుంది. స్పీడ్‌తో మారేది లయ, అంటే కీచుకీ కీచుకీ మధ్య గ్యాప్. అందుకే ముందు లయని కొలవాలి.

స్పీడా, ఆర్‌పీఎమ్మా?

కారులో తిరిగేవి రెండు గుంపులు. ఇంజిన్‌తో తిరిగేవి: బెల్టు, ఆల్టర్నేటర్, వాటర్ పంప్, ఏసీ కంప్రెసర్. చక్రాలతో తిరిగేవి: డిస్క్‌లు, డ్రమ్‌లు, వీల్ బేరింగ్‌లు, డ్రైవ్ షాఫ్ట్‌లు. తిరగనివి, అంటే సస్పెన్షన్, బాడీ, లోపలి ప్లాస్టిక్, మూడో గుంపు. మీ శబ్దం ఏ గుంపుదో తేలితే పని మూడొంతులు అయిపోయినట్టే. గిట్‌లో బైసెక్ట్ చేసినవాళ్లకి ఇది చేతిలో పని.

ముందు కారు నిలబెట్టి, న్యూట్రల్‌లో, హ్యాండ్‌బ్రేక్ వేసి యాక్సిలరేటర్ కొంచెం నొక్కండి. శబ్దం వస్తే ఇంజిన్ గుంపు. ఏసీ ఆన్ ఆఫ్ చేయండి, స్టీరింగ్ పూర్తిగా ఒక వైపుకి తిప్పండి. హైడ్రాలిక్ పవర్ స్టీరింగ్ ఉన్న పాత కార్లలో బెల్టు జారుతుంటే అప్పుడే కీచుమంటుంది. ఎలక్ట్రిక్ స్టీరింగ్ ఉన్నవాటిలో ఈ స్టీరింగ్ టెస్ట్‌తో పనిలేదు. మాన్యువల్ గేర్ కారైతే క్లచ్ కూడా నొక్కి వదలండి. నొక్కితే మొదలయ్యేది సాధారణంగా క్లచ్ రిలీజ్ బేరింగ్. నొక్కితే ఆగిపోయేది గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్. ఈ రెండూ ఇంట్లో అయ్యే పనులు కావు, కానీ ఏది అనేది తెలిసి షెడ్డుకి వెళ్లడం వేరు.

నిలబడి ఉన్నప్పుడు రాకపోతే ఖాళీ రోడ్డు మీద 40లో మూడో గేర్‌లో వెళ్లండి, అదే 40లో నాలుగో గేర్‌కి మారండి. చక్రం స్పీడ్ మారలేదు, ఇంజిన్ స్పీడ్ తగ్గింది. లయ మారితే ఇంజిన్ వైపు, మారకపోతే చక్రం వైపు. ఇంతే టెస్ట్. ఓబీడీ పోర్ట్‌కి పెట్టే ఈఎల్‌ఎమ్327 బ్లూటూత్ అడాప్టర్ మీ దగ్గర ఉంటే ఆర్‌పీఎమ్, స్పీడ్ రెండూ ఫోన్‌లో లాగ్ చేసుకోవచ్చు. అయితే ఓ మాట. ఆ అడాప్టర్ పెడితే శబ్దం ఎక్కడిదో అదే చెప్పేస్తుందని చాలామంది అనుకుంటారు. చెప్పదు. బుష్‌కి సెన్సర్ ఉండదు, చాలా కార్లలో బ్రేక్ ప్యాడ్ మందానికీ ఉండదు. స్కానర్‌లో ఎర్రర్ కోడ్ రాలేదు కాబట్టి కారు బాగుంది అనే మాట నమ్మకండి.

ఇంకో హెచ్చరిక. ఇంజిన్ ఆపేసి కారు జారనిచ్చి చూడండి అని కొన్ని వీడియోల్లో చెబుతున్నారు. అస్సలు వద్దు. ఇంజిన్ ఆగితే బ్రేక్ బూస్టర్ సాయం ఒకటి రెండు నొక్కుళ్లతో అయిపోతుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది. పొరపాటున తాళం లాక్ దాకా తిప్పితే స్టీరింగే బిగుసుకుపోవచ్చు.

ఇప్పుడు లెక్క. చాలా హ్యాచ్‌బ్యాక్‌లకి ఉండే 175/65 ఆర్14 టైరు తీసుకుందాం. 14 అంగుళాల రిమ్ము అంటే 355.6 మిల్లీమీటర్లు. టైరు గోడ 175లో 65 శాతం, అంటే 113.75, అది పైనా కిందా కలిపి 227.5. మొత్తం వ్యాసం 583 మిల్లీమీటర్లు, చుట్టుకొలత సుమారు 1.83 మీటర్లు. గంటకి 20 కిలోమీటర్ల స్పీడ్ అంటే సెకనుకి 5.56 మీటర్లు. భాగిస్తే చక్రం సెకనుకి దాదాపు మూడు సార్లు తిరుగుతోంది. 40లో ఆరు సార్లు. అంటే 20లో వెళ్తుంటే రికార్డింగ్‌లో కీచుకీ కీచుకీ మధ్య 0.33 సెకన్లు కనిపించిందంటే అది చక్రం ప్రతి చుట్టుకీ ఒకసారి వస్తున్న శబ్దం. డిస్క్‌లో ఒక చోట ఎత్తుపల్లం, వంగిన డస్ట్ షీల్డ్, లూజైన వీల్ క్యాప్ లాంటివి చూడాలి. మీ టైరు సైజు వేరైతే లెక్క మార్చుకోండి, నంబర్ టైరు పక్కనే రాసి ఉంటుంది.

దీనికి స్పెషల్ యాప్ కూడా అక్కర్లేదు. వేవ్‌ఫామ్‌ని జూమ్ చేయనిచ్చే ఏ రికార్డర్ అయినా చాలు.

ఫోన్ మైక్ ఏం వింటుంది, ఏం వినదు

స్వరాన్ని చూడాలంటే స్పెక్ట్రమ్ యాప్ కావాలి. ఆండ్రాయిడ్‌లో స్పెక్ట్రాయిడ్ ఉంది, సింపుల్‌గా ఉంటుంది. ఫైఫాక్స్ ఆండ్రాయిడ్, ఐఫోన్ రెండిటికీ ఉంది. జర్మనీలోని ఆర్‌డబ్ల్యూటీహెచ్ ఆఖెన్ యూనివర్సిటీ వాళ్లు ఫిజిక్స్ ప్రయోగాల కోసం చేసిన ఉచిత యాప్ అది, యాడ్స్ గోల లేదు. నాకు నచ్చింది అదే.

ఫోన్ మైక్ సాధారణంగా సెకనుకి 44,100 లేదా 48,000 శాంపిల్స్ తీసుకుంటుంది. సగం లెక్కన 22 కిలోహెర్ట్జ్ దాకా పట్టగలదు. బ్రేక్ కీచు ఎక్కువగా 1 నుంచి 16 కిలోహెర్ట్జ్ మధ్య వస్తుంది కాబట్టి మైక్ సరిపోతుంది. ఇబ్బంది మైక్‌తో కాదు, దాని వెనకున్న సాఫ్ట్‌వేర్‌తో. ఫోన్ మన గొంతు స్పష్టంగా వినిపించాలని చుట్టుపక్కల నాయిస్ తీసేస్తుంది. మనకి కావాల్సింది ఆ నాయిసే! వాట్సాప్ వాయిస్ నోట్‌లో రికార్డ్ చేసి మెకానిక్‌కి పంపితే గొణుగుడు తప్ప ఏమీ మిగలకపోవడానికి కారణం ఇది. ఆండ్రాయిడ్ 7 నుంచి ప్రాసెస్ చేయని ఆడియో తీసుకునే ఆప్షన్ డెవలపర్లకి ఉంది, కొన్ని రికార్డర్ యాప్‌ల సెట్టింగ్స్‌లో అన్‌ప్రాసెస్డ్ లేదా రా అని కనిపిస్తుంది. ఉంటే అది పెట్టండి. ఫార్మాట్ వావ్ పెట్టండి. మెకానిక్‌కి పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా అటాచ్ చేయండి.

రెండు ఫోన్లు పెట్టి, ఒకటి ఎడమ పక్క కాళ్ల దగ్గర, ఒకటి కుడి పక్క వెనక సీటు కింద, ఎందులో గట్టిగా వచ్చిందో చూద్దాం అనిపిస్తుంది. చేయొచ్చు. కానీ ఫోన్లు వాటంతట అవే సౌండ్ లెవెల్ పెంచి తగ్గిస్తుంటాయి, మోడల్‌ని బట్టి మైక్ కూడా వేరు. అందుకని ఒకసారి రికార్డ్ చేశాక రెండు ఫోన్ల చోట్లు మార్చి మళ్లీ అదే రోడ్డులో వెళ్లండి. రెండుసార్లూ ఎడమ వైపే గట్టిగా వస్తే అది నిజం. వ్లాగింగ్ కోసం కొన్న రెండు ట్రాన్స్‌మిటర్ల వైర్‌లెస్ మైక్ మీ దగ్గర ఉంటే ఇంకా మంచిది, అందులో నాయిస్ క్యాన్సిలేషన్ ఆపేయండి. పెద్ద వర్క్‌షాపుల్లో ఛాసిస్ ఇయర్ అనే కిట్ ఉంటుంది, క్లిప్పులతో మైకుల్ని సస్పెన్షన్‌కే బిగిస్తారు. అది చూసి మీ మైక్‌ని చక్రం దగ్గర టేప్‌తో అంటించే ప్రయత్నం చేయకండి. మైక్ పోతే పోయింది, వైరో టేపో డ్రైవ్ షాఫ్ట్‌కి చుట్టుకుంటే కష్టం.

ఇలా చోటు పట్టడం కీచు జాతికి బాగా పనిచేస్తుంది, గుయ్ జాతికి చేయదు. 4 కిలోహెర్ట్జ్ శబ్దం తరంగం పొడవు 9 సెంటీమీటర్ల లోపు, కాబట్టి సీటు అడ్డొచ్చినా తేడా తెలుస్తుంది. 100 హెర్ట్జ్ మోత తరంగం మూడు మీటర్ల పైనే, అది క్యాబిన్ అంతా ఒకేలా నిండిపోతుంది.

అప్పుడు యాక్సిలరోమీటర్ వాడదామంటారా? ఆండ్రాయిడ్ 12 నుంచి స్పెషల్ పర్మిషన్ లేని యాప్‌లకి మోషన్ సెన్సర్ స్పీడ్‌ని సెకనుకి 200 శాంపిల్స్‌కి పరిమితం చేశారు. అంటే 100 హెర్ట్జ్ దాకానే చూడగలం. కీచుకి పనికిరాదు. 80 దాటితే స్టీరింగ్ వణకడం, సీటు అదరడం లాంటివి చూడటానికి మాత్రం బ్రహ్మాండంగా ఉంటుంది.

ఒక నిజం కేసు

మా అక్క మియాపూర్‌లో ఉంటుంది, పటాన్‌చెరు దాటాక ఒక స్కూల్లో టీచర్. మేనకోడలు కూడా అదే స్కూల్. రోజూ ఇద్దరూ 65వ నంబర్ హైవే మీద సెకండ్ హ్యాండ్ హ్యాచ్‌బ్యాక్‌లో వెళ్తారు. ఆ కారు ఎడమ వైపు ముందు స్పీడ్ బ్రేకర్ ఎక్కినప్పుడల్లా కిర్రుమనేది. "ఒరేయ్, స్కూల్ గేట్ దగ్గర పిల్లలు నవ్వుతున్నార్రా" అంటూ ఫోన్. ఒక వర్క్‌షాప్ వాళ్లు ముందు రెండు షాకప్‌లు, మౌంట్‌లు, లోయర్ ఆర్మ్‌లు అన్నీ కలిపి 22,500 రూపాయల ఎస్టిమేట్ ఇచ్చారు. బావ సరే అనేలోపు నన్ను పిలిచారు.

ఆదివారం అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో మొదలుపెట్టాం. ఇంజిన్ ఆఫ్. బావ బానెట్ ఎడమ మూలని రెండు చేతులతో నొక్కి వదులుతుంటే నేను వీల్ ఆర్చ్ దగ్గర ఫోన్ పెట్టాను. నాలుగో నొక్కుడుకి కిర్రు మొదలైంది, స్పెక్ట్రమ్‌లో 600 హెర్ట్జ్ దగ్గర వెడల్పాటి దిబ్బ. సన్నని సూది లాంటి గీత కాదు. లోహం లోహాన్ని గీరుతుంటే సన్నని గీతలు కనిపించడం ఎక్కువ, రబ్బరు అయితే ఇలా దిబ్బలా ఉంటుంది. ఇది రూల్ కాదు, ఒక ఆధారం మాత్రమే.

తర్వాత నీళ్ల స్ప్రే. స్టీరింగ్ పూర్తిగా ఎడమకి తిప్పితే చక్రం వెనక భాగాలు కనిపిస్తాయి. ఒక్కో రబ్బరు మీద విడివిడిగా నీళ్లు కొట్టాలి, కొట్టిన ప్రతిసారీ ఓ పది నొక్కుళ్లు. లోయర్ ఆర్మ్ వెనక బుష్ తడిపాం, తేడా లేదు. ముందు బుష్, లేదు. స్ట్రట్ మౌంట్, లేదు. స్టెబిలైజర్ బార్‌ని ఛాసిస్‌కి పట్టి ఉంచే బుష్ తడపగానే కిర్రు ఆగిపోయింది. మళ్లీ ఎంత నొక్కినా లేదు. పావుగంట తర్వాత తడి ఆరాక మళ్లీ మొదలు. ఈ ఆగి మళ్లీ రావడమే అసలు రుజువు. ఊరికే ఆగిపోతే యాదృచ్ఛికం కావొచ్చు.

మా వీధి చివర షెడ్డు అన్నకి ఆ రెండు రికార్డింగ్‌లు వినిపించాను, నీళ్లకి ముందు, నీళ్ల తర్వాత. "ఇంత కష్టం ఎందుకు తమ్ముడూ, బుష్షే ఇది" అన్నాడు. ఎడమ, కుడి రెండు బుష్‌లు, లేబర్‌తో కలిపి 700 అయింది.

పని అయిపోయేదే. కానీ చక్రాలు ఎలాగూ విప్పారు కదా అని బ్రేకులు చూడమన్నాను. కుడి ముందు చక్రంలో బయటి ప్యాడ్ 5 మిల్లీమీటర్లు ఉంది. లోపలి ప్యాడ్ 2 కూడా సరిగ్గా లేదు. క్యాలిపర్ స్లైడ్ పిన్ తుప్పుపట్టి బిగుసుకుపోవడంతో భారమంతా లోపలి ప్యాడ్ మీదే పడింది. మంచి ప్యాడ్లకి ఒక చిన్న స్ప్రింగ్ స్టీల్ రేకు ఉంటుంది. ప్యాడ్ సుమారు 2, 3 మిల్లీమీటర్లకి రాగానే ఆ రేకు డిస్క్‌ని తాకి కావాలని కీచుమంటుంది, "నన్ను మార్చండి" అని. పాత ఓనర్ వేయించిన ఆ చవక ప్యాడ్లకి ఆ రేకే లేదు. అక్క కారులో అసలు అరవాల్సిన చోట చప్పుడే లేదు. ఇంకొన్నాళ్లు అలాగే తిరిగితే నేరుగా ఇనుము డిస్క్‌ని పట్టుకునేది, అదీ హైవే మీద, వెనక సీట్లో పిల్లతో. అక్కకి ఇది చెప్పినప్పుడు కాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత "ఎడమ చక్రం సైలెంట్‌గా ఉంటే నువ్వు వచ్చేవాడివి కాదు కదరా" అంది.

బ్రేక్ కీచు: ఎప్పుడు భయపడాలి

వాన రాత్రి తర్వాత పొద్దున మొదటి రెండు మూడు బ్రేకులకి కీచు, గరగర వచ్చి పోతే అది డిస్క్ మీద పట్టిన పల్చటి తుప్పు. దానికేమీ చేయక్కర్లేదు. ఎలక్ట్రిక్ కార్లలో ఇది ఇంకా ఎక్కువ, ఎందుకంటే రీజెన్ బ్రేకింగ్ వల్ల డిస్క్‌లకి పని తక్కువ, తుప్పు చెరిగే ఛాన్స్ తక్కువ. ఫోక్స్‌వ్యాగన్ ఐడీ.4 లాంటి ఖరీదైన ఎలక్ట్రిక్ కారుకి కూడా వెనక డిస్క్‌లు కాకుండా డ్రమ్‌లు ఇచ్చారు. ఇంకో విషయం, ఇంజిన్ మోత లేకపోవడంతో ఈవీలో ప్రతి చిన్న కిర్రూ వినిపిస్తుంది. కొత్త ఈవీ కొన్న ఫ్రెండ్స్ "క్వాలిటీ బాలేదు" అంటే సగం సందర్భాల్లో కారణం అదే.

కొత్త ప్యాడ్లు వేయించాక కీచుమంటే ప్యాడ్ వెనకుండే పల్చటి షిమ్ వేయకపోవడం, స్లైడ్ పిన్‌లకి గ్రీజు పెట్టకపోవడం లాంటివి అడగండి. ఆ గ్రీజు బ్రేకుల కోసమే ఉండే, వేడికి తట్టుకునే సిలికాన్ గ్రీజు అయ్యుండాలి, ప్యాడ్ రాపిడి ముఖానికి చుక్క కూడా తగలకూడదు.

వెళ్తూ వెళ్తూ ఉన్నట్టుండి భయంకరంగా కీచుమని, బ్రేక్‌తో సంబంధం లేకుండా ఆగకుండా అరుస్తుంటే డిస్క్‌కీ దాని వెనక రేకు కవచానికీ మధ్య చిన్న రాయి ఇరుక్కుని ఉండొచ్చు. రోడ్డు పనులు జరిగే చోట ఇది మామూలే. పక్కకి ఆపి, నెమ్మదిగా కొన్ని అడుగులు రివర్స్ చేస్తే చాలాసార్లు రాయి పడిపోతుంది.

రోజూ, ఎండైనా వానైనా, బ్రేక్ నొక్కినప్పుడో, నొక్కకుండా వెళ్తున్నప్పుడో సన్నగా కీచు వస్తూనే ఉంటే ఆ వారంలోనే ప్యాడ్లు కొలిపించండి. అల్లాయ్ వీల్స్ అయితే సందుల్లోంచి ఫోన్ టార్చ్ వేసి బయటి ప్యాడ్ చూడొచ్చు, కానీ పైన చెప్పిన కేసులో లాగా లోపలిది వేరుగా ఉండొచ్చు. చక్రం విప్పితేనే పూర్తి సంగతి. కొత్త ప్యాడ్ 10, 12 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది, 3కి వచ్చాక ఇంకా లాగడం అనవసరం. డిస్క్ కనీస మందం ఎంతో చాలా డిస్క్‌ల మీద చెక్కే ఉంటుంది, దాన్ని కొలిచి చూడమని అడగండి.

బెల్టు, బేరింగ్

బెల్టు కీచుకి కూడా నీళ్ల టెస్టే. ఇంజిన్ ఆన్‌లో ఉండగా బెల్టు గాళ్ల వైపు కొంచెం నీళ్లు స్ప్రే చేస్తారు. శబ్దం కాసేపు ఆగితే పుల్లీలు ఒకే లైన్లో లేవని అనుమానించాలి. ఇంకా పెరిగితే బెల్టు జారుతోంది, టెన్షనర్ చూడాలి. తిరుగుతున్న బెల్టు దగ్గర చున్నీ, పొడవు జుట్టు, వదులు చేతుల చొక్కా ఏవీ ఉండకూడదు. నన్నడిగితే ఇది మెకానిక్ చేస్తుంటే మీరు రికార్డ్ చేయడం మంచిది.

గుయ్ మోతకి రెండు అనుమానితులు, టైరు, బేరింగ్. సిమెంట్ రోడ్డు నుంచి తారు రోడ్డుకి మారగానే మోత మారితే టైరు. రోడ్డు ఏదైనా ఒకేలా ఉండి, స్టీరింగ్ కొద్దిగా కుడికి వంచితే పెరిగి ఎడమకి వంచితే తగ్గితే ఎడమ బేరింగ్ మీద అనుమానం, ఎందుకంటే కుడికి తిరిగినప్పుడు బరువు ఎడమ చక్రాల మీద పడుతుంది. బేరింగ్‌ని వాయిదా వేయకండి.

లోపలి కిర్రులు

డ్యాష్‌బోర్డ్ విప్పించే ముందు కారు ఖాళీ చేయండి. నిజంగా ఖాళీ. గ్లవ్ బాక్స్‌లో నాణేలు, డోర్‌లో వాటర్ బాటిల్, డ్యాష్‌బోర్డ్ మీద దేవుడి బొమ్మ, సన్‌గ్లాస్ హోల్డర్, స్టెపినీ పక్కన జాకీ, స్పానర్. ఫోన్ హోల్డర్ కూడా తీసేయండి, మన సైట్ పాఠకుల కార్లలో మొదటి దోషి అదే అని నా నమ్మకం. దేవుడి బొమ్మని తర్వాత యథాస్థానంలో పెట్టండి, ఇంట్లో అడుగుతారు.

ఆ తర్వాత పక్క సీట్లో మనిషి ఒక్కో ప్యానెల్‌ని అరచేత్తో గట్టిగా ఒత్తి పట్టుకోవాలి. ఒత్తితే ఆగినదే దోషి. డోర్ రబ్బరు బీడింగ్ కిర్రుమంటే తుడిచి, గుడ్డ మీద సిలికాన్ స్ప్రే వేసి రాయండి. రామగుండం ఎండలో పార్క్ చేసిన కారులో ప్లాస్టిక్ సాగి, రాత్రికి ముడుచుకుంటుంది. మధ్యాహ్నం రాని కిర్రు పొద్దున వస్తే ఇదే అనుకోవచ్చు.

డబ్ల్యూడీ-40 గురించి అందరూ అడుగుతారు. పేరులోనే ఉంది, తేమని తరిమే 40వ ఫార్ములా అని. బిగుసుకున్న నట్టుకి మంచిది. బ్రేకుల దగ్గర, బెల్టు మీద అస్సలు వద్దు. రబ్బరు బుష్‌ల మీద కూడా పెట్రోలియం నూనెలు వద్దు, సహజ రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. వారం రోజులు శబ్దం ఆగుతుంది కాబట్టి పనిచేసిందనిపిస్తుంది. రబ్బరుకి సిలికాన్ స్ప్రేనే. అదీ అరిగిన బుష్‌కి తాత్కాలికమే.

కేవలం జాకీ మీద నిలబెట్టిన కారు కిందకి దూరకండి. స్టాండ్లు లేకపోతే ఆ పని షెడ్డుకే వదిలేయండి.

షెడ్డుకి వెళ్లే ముందు రోజు ఇలా ఒక మెసేజ్ పంపండి, కింద నేను అక్క కారుకి పంపిందే: "అన్నా, ముందు ఎడమ వైపు కిర్రు. స్పీడ్ బ్రేకర్ మీద మాత్రమే, బ్రేక్‌తో, ఇంజిన్‌తో సంబంధం లేదు. పొద్దున ఎక్కువ, వానలో రాదు. నిలబెట్టి మూల నొక్కినా వస్తుంది. స్టెబిలైజర్ బార్ బుష్ తడిపితే పావుగంట ఆగుతోంది. రికార్డింగ్ రెండు పెట్టాను. చక్రాలు విప్పినప్పుడు నాలుగు వైపులా ప్యాడ్లు, షూలు కొలిచి, నంబర్లు రాసి ఫొటో పంపు. లోపలి ప్యాడ్ కూడా."